చేయి తిరిగిన పని... చెయ్యి దాటని సరుకు

*కెఫియా, తత్రీజ్ కుట్టు, నాబ్లుస్ సబ్బు, ఒలీవ కర్ర శిలువ... పాలస్తీనా చేతిపనుల పేర్లు ఇప్పుడు ప్రపంచమంతా వినిపిస్తున్నాయి. చేసేవాళ్ల గల్లాపెట్టెలో మాత్రం ఆ సందడి కనిపించదు. ఎందుకు?*

సిరిసిల్ల వీధుల్లో ఎప్పుడైనా నడిచినవాళ్లకు ఆ చప్పుడు పరిచయమే. టకటక, టకటక... ఒక మగ్గం ఊపిరి తీసుకునేలోగా పక్కది అందుకుంటుంది. ఎదుటి మనిషికి ఓ మాట చెప్పాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే. నేలమీద నూనె మరకలు. గాలిలో తేలే దూది నూగు. గోడవారగా దారం కండెలు. నాడె అటు పోయి ఇటు వచ్చిన ప్రతిసారీ తెల్లటి గుడ్డమీద నల్లటి గళ్లు ఓ పోగు మందాన పెరుగుతుంటాయి.

ఇది సిరిసిల్ల కాదు. వెస్ట్‌బ్యాంక్‌లోని హెబ్రోను. బైబిలు చదివినవాళ్లకు అబ్రాహాము సమాధి ఉన్న ఊరు, అక్కడివాళ్లకు అల్ ఖలీల్. మగ్గాలు జపాన్‌లో పుట్టినవి, సుజుకి కంపెనీవి. (మనకు కార్లు, బైకులతో తెలిసిన సుజుకి అసలు మొదలైందే మగ్గాల తయారీతో.) 1961లో యాసర్ హిర్బావీ పెట్టిన ఈ చిన్న ఫ్యాక్టరీకి పేరు తెచ్చిన సరుకు ఒక్కటే. కెఫియా. అక్కడి పలుకుబడిలో కూఫియ్యా.

2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆ నలుపు తెలుపు రుమాలు కనబడని రోజు లేదు. లండన్ ఊరేగింపులో, అమెరికా యూనివర్సిటీ మెట్లమీద, జకార్తా కూడళ్లలో, టీవీ పెడితే చాలు. హిర్బావీ కుటుంబానికి వచ్చిపడ్డ ఆర్డర్లకు మగ్గాలు చాలలేదు. అయినా ఆ మెడల చుట్టూ కనిపించిన రుమాళ్లలో అత్యధికం ఇక్కడ నేసినవి కావు. వేరే దేశాల మిల్లుల్లో తానులు తానులుగా దిగినవి.

పాలస్తీనా చేతిపనుల కథంతా ఈ మెలికలోనే ఉంది. పనిమంతులకు కొదవ లేదు. కొంటామనేవాళ్లకూ కొదవ లేదు. ఆ చేతి నుంచి ఈ చేతికి సరుకు నడిచి రావాల్సిన దారే అడుగడుగునా తెగిపోయింది.

రైతు తలగుడ్డకు దొరతనం

వందేళ్ల కిందట కెఫియా పట్నవాసం ఎరగదు. ఎండకూ దుమ్ముకూ అడ్డంగా రైతులు, ఎడారి సంచారులైన బెదూయిన్లు తలకు చుట్టుకునే గుడ్డ అది. పట్నంలో పెద్దమనుషులకు ఎర్రటి కుచ్చు టోపీ ఉండేది. నిజాం కాలపు ఫొటోల్లో కనిపించే రూమీ టోపీ లాంటిదే. అప్పుడు పాలస్తీనాను ఏలుతున్న బ్రిటిషువాళ్ల మీద 1936లో తిరుగుబాటు మొదలైంది. కొండల్లోంచి దిగివచ్చే తిరుగుబాటుదారుల తలకు కెఫియా ఉండేది కాబట్టి పట్నంలో వాళ్లను గుర్తుపట్టి పట్టుకోవడం సైనికులకు తేలికైంది. 1938లో తిరుగుబాటు నాయకులు ఓ తాకీదు పంపారు: పట్నంవాళ్లూ టోపీలు తీసి కెఫియా కట్టాలని. లాయరు తలమీదా కెఫియానే, గాడిదలు తోలేవాడి తలమీదా కెఫియానే. ఇక ఎవర్ని పట్టుకోవాలి?

ఆ తర్వాత పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్ తలమీద అది ప్రపంచానికి తెలిసిందన్నది అందరూ ఎరిగిన సంగతే. గళ్లు చేపల వలకు గుర్తనీ, అంచుల్లోవి ఒలీవ ఆకులనీ, లావుపాటి గీతలు పాతకాలపు వర్తక మార్గాలనీ చెబుతారు. నేసిన తొలిరోజుల్లో ఎవరైనా అంత ఆలోచించి నేశారా అంటే నాకు అనుమానమే. గుర్తులు చాలాసార్లు తర్వాతే పుడతాయి.

ఇక వ్యాపారం సంగతి. 1993లో ఇజ్రాయెల్‌తో ఓస్లో ఒప్పందం కుదిరింది. శాంతి వస్తుందన్నారు. వెనకే విదేశీ సరుకు వచ్చింది. ఎక్కడో వేలకొద్దీ దిగే చౌక రుమాలు పక్కన ఖలీల్ రుమాలు ధర నిలవలేకపోయింది. హిర్బావీ మగ్గాలు చాలావరకు ఆగిపోయాయి. ఫ్యాక్టరీ మూతపడే దాకా వచ్చింది. పోచంపల్లి నేతగాళ్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. నెలల తరబడి దారాలకు ముళ్లు వేసి రంగులద్ది నేసిన ఇక్కత్ పక్కనే అదే డిజైన్‌ను మిల్లుగుడ్డమీద అచ్చు గుద్ది నాలుగో వంతు ధరకు అమ్మితే ఏమవుతుందో వాళ్లు కళ్లారా చూశారు. అభిమానంతో కెఫియా కొన్నవాడు కూడా అది ఎక్కడ నేశారని అడగలేదు. అడగడం ఈమధ్యే మొదలైంది. హిర్బావీ మగ్గాలు మళ్లీ ఆడుతున్నది ఆ ప్రశ్న పుణ్యమే.

ఊరు పోయింది, కుట్టు మిగిలింది

పాలస్తీనా పల్లెల్లో ఆడపిల్లకు ఆరేడేళ్లు వచ్చేసరికి సూది చేతికిచ్చేవారు. అమ్మ పక్కన, అమ్మమ్మ పక్కన కూర్చుని నేర్చుకునేది. పెళ్లీడు వచ్చేనాటికి తన పెళ్లిబట్టల పెట్టె తానే నింపుకునేది. పాదాల దాకా వేలాడే ఆ అంగీ పేరు థోబ్. దానిమీది కుట్టు తత్రీజ్. గుడ్డ పోగులు లెక్కపెట్టుకుంటూ గడికో ఇంటూ గుర్తు వేసుకుంటూ పోవడమే. మనం క్రాస్ స్టిచ్ అంటాం. బడిలో కుట్లు నేర్చుకున్న తరం ఆడవాళ్లకు ఇప్పటికీ వేళ్లు మరిచిపోని పని.

ఊరికో తీరు ఉండేది. రామల్లాలో తెల్లటి నారబట్ట మీద ఎర్రదారం. బేత్లెహేములో పట్టు, జరీ తాళ్లను వంపులు తిప్పి గుడ్డమీద పరిచి సన్నటి దారంతో పట్టి కుట్టేవారు. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లికూతుళ్లు ఛాతీ మీది పలక ఒక్కటైనా బేత్లెహేములో చేయించుకోవాలని ఆశపడేవారట. టూరిస్టులు అడుగుపెట్టకముందే ఈ పనికి సొంత మార్కెట్ ఉండేదన్నమాట. దాని పేరు పెళ్లి. సంతకొచ్చిన ఆడమనిషి నోరు విప్పక ముందే అంగీ చూసి ఏ ఊరి కోడలో చెప్పేసేవారు. దక్షిణాన కొన్నిచోట్ల భర్త పోయినామె నీలం దారంతో కుట్టుకునేది. మళ్లీ పెళ్లికి మనసైతే ఆ నీలంలో మెల్లగా ఎరుపు కలిసేది. నోటితో చెప్పుకోలేని మాట సూదితో చెప్పుకోవడం.

1930ల్లో సిరియా పట్టుదారం స్థానంలో ఐరోపా నూలుదారం వచ్చింది. దాంతోపాటే డిజైన్ల పుస్తకాలు. గులాబీలు, పక్షులు అలా వచ్చి చేరినవే. సంప్రదాయం గడ్డకట్టిన నెయ్యి కాదు, అప్పుడూ కొత్త దారం దొరికితే కొత్త పువ్వు పూసింది.

1948 వచ్చింది. ఇజ్రాయెల్ ఏర్పడింది, యుద్ధం జరిగింది. 7 లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇల్లూ వాకిలీ వదిలి కట్టుబట్టలతో కదిలారు. 400 పైచిలుకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఊళ్లో ఉన్న బావి, మిల్లు, మసీదు, గానుగ అన్నీ మ్యాపులోంచి చెరిగిపోయినా ఆ ఊరి కుట్టు మాత్రం ఓ ముసలమ్మ ఒంటిమీద శరణార్థి శిబిరం దాకా నడిచొచ్చింది. అక్కడ పది ఊళ్ల ఆడవాళ్లు నీళ్ల కుళాయి దగ్గర పక్కపక్కన నిలబడ్డారు. ఒకరి పువ్వు ఇంకొకరి అంచులోకి వెళ్లింది. కొత్తగా 'శిబిరం అంగీ' పుట్టింది. ఊరి పేరు చెప్పే బట్ట పోయి, మొత్తం జాతి పేరు చెప్పే బట్ట వచ్చింది.

1987లో మొదటి ఇంతిఫాదా, అంటే ఇజ్రాయెల్ ఆక్రమణ మీద తిరుగుబాటు. పాలస్తీనా జెండా ఎగరేస్తే పట్టుకుపోయే రోజులు. ఆడవాళ్లు జెండాను అంగీ మీదికి ఎక్కించారు. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు దారాల్లో జెండాలు, పటాలు. ఆ కాలపు థోబ్‌లు ఇప్పుడు మ్యూజియం వస్తువులు. అంత దూరం ఎందుకు, 2019 జనవరి 3న అమెరికా ప్రతినిధుల సభలో పాలస్తీనా మూలాలున్న రషీదా తలైబ్ ప్రమాణం చేసింది థోబ్ తొడుక్కునే. ఆ రోజు ప్రపంచం నలుమూలల నుంచీ పాలస్తీనా ఆడవాళ్లు తమ తమ థోబ్‌ల ఫొటోలు పెట్టారు. అమ్మది, అమ్మమ్మది, పెట్టె అడుగున దాచుకున్నది.

అంత గౌరవం సరే, కూలి మాటేమిటి? పూర్తి థోబ్ కుట్టడానికి నెలలు పడుతుంది. ఆ శ్రమకు తగ్గ ధర పెడితే కొనే సామాన్యుడు లేడు. అందుకే చాలా సంఘాలు చిన్న వస్తువుల దారి పట్టాయి: దిండు గలీబులు, పర్సులు, పుస్తకాల గుర్తుపట్టీలు. లెబనాన్ శిబిరాల్లోని ఆడవాళ్లకోసం 1969లో మొదలైన ఇన్‌ఆష్, జెరూసలేంలోని సున్‌బులా లాంటి సంస్థలు ఈ పనికి కొంత నిలకడైన గిరాకీ చూపించగలిగాయి. పెళ్లికూతురి ఛాతీ మీద ఉండాల్సిన సైప్రస్ చెట్టు బొమ్మ మొబైల్ సంచీ మీదికి దిగిందని బాధపడేవాళ్లున్నారు. నాకైతే ఆ బాధ కడుపు నిండినవాళ్ల బాధలా అనిపిస్తుంది. శిల్పారామంలో లంబాడీ అద్దాల సంచీ పట్టుకుని బేరమాడే మనకు ఆ మాట అనే హక్కు అసలే లేదు.

> దారం చెప్పే పేర్లు
>
> • తత్రీజ్‌లో ప్రతి బొమ్మకూ పేరుంది. సైప్రస్ చెట్టు, బేత్లెహేము చంద్రుడు, పాషా గుడారాలు, దిష్టి తగలకుండా వేసే తాయెత్తు త్రికోణం అందులో కొన్ని.
>
> • మజ్దల్ నేతగాళ్లు నేసే ఎరుపు, ఆకుపచ్చ చారల గుడ్డ పేరు 'జన్నా వ నార్'. అంటే స్వర్గమూ నరకాగ్నీ.
>
> • పాలస్తీనా ఎంబ్రాయిడరీని యునెస్కో 2021లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.
>
> • వీదాద్ కవార్ అనే ఆమె దశాబ్దాలపాటు ఇల్లిల్లూ తిరిగి సేకరించిన అరబ్ దుస్తులకు జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో 'తిరాజ్' పేరుతో ఓ నిలయం ఉంది.

గాజా మగ్గం

ఆసుపత్రిలో గాయానికి చుట్టే పల్చటి గాజ్ గుడ్డకు ఆ పేరు గాజా నుంచే వచ్చిందని ఓ మాట ఉంది. భాషావేత్తలంతా ఒప్పుకోరు గానీ, గాజా తీరం నేతకు పేరుమోసిందన్నది మాత్రం నిజం. దానికి కొంచెం ఉత్తరాన ఉన్న మజ్దల్ నేతగాళ్ల ఊరు. 1948 తర్వాత రెండేళ్లలో ఆ ఊరి జనం గాజాలోకి నెట్టుకురాబడ్డారు. మజ్దల్ ఇప్పుడు ఇజ్రాయెల్‌లోని అష్కెలోన్‌లో భాగం. వచ్చినవాళ్లు శిబిరాల్లోనే మగ్గాలు బిగించుకున్నారు. తర్వాతి తరం కొంత నేసింది, ఆ తర్వాతి తరానికి నూలు లేదు, కొనే సంతా లేదు. గాజాలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 1950 నుంచి నడిపిన సులాఫా కేంద్రం వందలాది ఆడవాళ్లకు ఇంటి దగ్గరే కుట్టుపని ఇచ్చేది. కుమ్మరుల వీధి ఉండేది, పేము కుర్చీలు అల్లేవాళ్లు ఉండేవారు. 2007 నుంచి దిగ్బంధం వల్ల సరుకు బయటికి వెళ్లడమే గగనమైతే, 2023 తర్వాత వెళ్లడానికి సరుకూ లేదు, అది చేసే ఇల్లూ లేదు. ఇంతకంటే దీని గురించి రాయడానికి చెయ్యి రాదు.

నాబ్లుస్: సబ్బు గోపురాలు

నాబ్లుస్ పాతబస్తీలో ఓ సబ్బు కార్ఖానా మెట్లెక్కితే మొదట పలకరించేది వాసన. సెంటు వాసన కాదు. వేడి ఆలివ్ నూనె, తడి సున్నపు గోడ కలిసిన వాసన. సరంజామా మూడే: ఆలివ్ నూనె, నీళ్లు, సోడా. పూర్వం సోడా బదులు యోర్దాను నది అవతల నుంచి బెదూయిన్లు ఒంటెల మీద తెచ్చే ఓ ఎడారి మొక్క బూడిదను సున్నంతో కలిపి వాడేవారు. కింది అంతస్తులో పెద్ద కాగులో రోజుల తరబడి ఉడుకుతుంది. పాకం కుదిరిందీ లేనిదీ తేల్చాల్సింది పెద్ద పనివాడు. మన పల్లెల్లో బెల్లం వండేవాడికి ఉండే అధికారమే ఆయనదీ.

తర్వాత అసలు తమాషా. ఉడికిన సబ్బును బకెట్లతో పై అంతస్తుకు మోసుకెళ్లి గచ్చు మీద పోసేస్తారు. గది మొత్తం ఒకే సబ్బు పలక. గట్టిపడ్డాక రంగులో ముంచిన దారం లాగి విడుస్తారు. మన వడ్రంగి దూలం మీద గీత కొట్టినట్టే. ఆ గీతల వెంట కోత. ఇంకొకడు వంగి కూర్చుని ప్రతి ముక్కమీదా కంపెనీ ముద్ర కొట్టుకుంటూ పోతాడు. చూస్తుంటే సుత్తికే కళ్లున్నాయేమో అనిపిస్తుంది. చివరికి ఆ ముక్కలను మధ్యలో గాలి ఆడేలా గుండ్రంగా, మనిషికంటే ఎత్తుగా గోపురాల్లా పేరుస్తారు. అలా వారాలు, నెలలు ఆరాలి. తర్వాత ఒక్కో ముక్కనూ చేత్తోనే కాగితంలో చుడతారు.

19వ శతాబ్దంలో నాబ్లుస్ సంపదంతా ఈ సబ్బుదే. పెద్దింటివాళ్లంటే సబ్బు కార్ఖానా ఉన్నవాళ్లే. తూకాన్ కుటుంబం అందులో ఒకటి. రెండు తాళంచెవుల ముద్ర వాళ్లది. అరబ్బీ కవిత్వంలో పెద్దపేరున్న ఫద్వా తూకాన్ పుట్టింది ఆ ఇంట్లోనే. 1927 భూకంపం ఊరిని కుదిపింది. తర్వాత ఫ్యాక్టరీ సబ్బులు, సెంటు సబ్బులు వచ్చాయి. 2002లో ఇజ్రాయెల్ సైన్యం పాతబస్తీలోకి చొచ్చుకొచ్చినప్పుడు రెండు పాత కార్ఖానాలు నేలమట్టమయ్యాయి. ఒకప్పుడు ముప్పైకి పైగా ఉన్నవి ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టేన్ని.

2024 డిసెంబరులో యునెస్కో ఈ సబ్బుకూ జాబితాలో చోటిచ్చింది. సంతోషమే. కానీ యునెస్కో పత్రం చెక్‌పోస్టులో చూపిస్తే గేటు తెరుచుకోదు కదా. నాబ్లుస్ నుంచి జోర్డాన్‌కు సబ్బు వెళ్లాలంటే నది మీదున్న ఒకే ఒక్క వంతెన, దానిమీద ఇజ్రాయెల్ తనిఖీ దాటాలి. ఆ రోజు తెరుస్తారా, మూస్తారా అన్నది సబ్బు తయారీకి సంబంధం లేని లెక్క.

బేత్లెహేములో బోణీ

గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో క్రైస్తవుల ఇళ్లకు వెళ్తే షోకేసులో ఒక్కోసారి ఓ చిన్న చెక్క శిలువ కనిపిస్తుంది. లేత పసుపు కర్ర, అందులో పొగచారల్లా ముదురు గీతలు. పక్కనే యోర్దాను నీళ్ల సీసా. అది యెరూషలేము (జెరూసలేం) యాత్రకు వెళ్లొచ్చినవాళ్లు తెచ్చిన గుర్తు. మనవాళ్ల నుంచి ఈ యాత్రకు వెళ్లేవాళ్లు తక్కువేం కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాయం కూడా చేస్తూ వచ్చింది. 2019లో ఆ సాయాన్ని ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి 40 వేల నుంచి 60 వేల రూపాయలకు, అంతకుమించిన వారికి 20 వేల నుంచి 30 వేలకు పెంచింది.

ఆ శిలువ పుట్టిల్లు బేత్లెహేము, దాని పక్కనున్న బేత్ సాహూర్, బేత్ జాలా. ఆలివ్, అదే తెలుగు బైబిలు చెప్పే ఒలీవ, అక్కడ చెట్టు కాదు, ఇంట్లో మనిషి. శిలువ కోసం దాన్ని నరకరు. ఏటా కాపు తర్వాత కత్తిరించే కొమ్మలే పనికొస్తాయి. వాటిని నీడపట్టున నెలల తరబడి ఆరబెడతారు. తొందరపడితే కర్ర పగులుతుంది. మొదటి ఆకారం మిషన్‌మీద వస్తుంది. తర్వాత చేతిపనే: మరియమ్మ ముసుగు మడత, గొర్రెపిల్ల చెవి, పశువుల తొట్టిలో పసిబిడ్డ ముఖం. అన్నిటికంటే బిడ్డ ముఖమే కష్టం. గోరంత కర్రలో కన్ను, ముక్కు, నోరు రావాలి.

దీనికంటే దర్జా పని ముత్యపుచిప్పది. కొన్ని వందల ఏళ్ల కిందట ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఇక్కడివాళ్లకు ఈ పనిని అలవాటు చేశారంటారు. 17వ శతాబ్దానికే చెక్కమీద ముత్యపుచిప్ప తాపడం చేసిన యెరూషలేము చర్చి నమూనాలు ఐరోపా రాజుల కొలువులకు చేరాయి. ఆ చిప్పపనిని సంచుల్లో వేసుకుని బేత్లెహేము వర్తకులు ఓడలెక్కారు. 1893 చికాగో ప్రదర్శనలో కొట్లు పెట్టారు. అటునుంచి దక్షిణ అమెరికా. ఇవాళ అరబ్ దేశాలకు బయట పాలస్తీనీయులు ఎక్కువగా ఉన్నది చిలీలో, వాళ్లలో పెద్ద భాగం ఈ మూడు ఊళ్ల సంతానమే. శిలువలు, జపమాలలు అమ్ముకుంటూ వెళ్లి దేశాలు కట్టుకున్న జనం వీళ్లు.

అప్పట్లో సరుకు కొనేవాడి దగ్గరికి నడిచింది. ఇప్పుడు కొనేవాడే ఇక్కడికి రావాలి. తిరగబడింది ఇక్కడే.

యాత్రికుడు వచ్చే తీరు చూడండి. టూర్ బస్సు యెరూషలేములో బయలుదేరుతుంది. ఇజ్రాయెల్ కట్టిన గోడ దాటి బేత్లెహేములోకి వస్తుంది. జనన దేవాలయం దగ్గర దించుతారు, గుహలోకి తీసుకెళ్లి యేసు పుట్టిన చోటని చెప్పే వెండి నక్షత్రం చూపిస్తారు, తర్వాత గైడు ముందే మాట్లాడుకున్న పెద్ద కొట్టు ముందు బస్సు ఆగుతుంది. కొన్నదాంట్లో గైడుకు కమిషన్. మళ్లీ బస్సు, మళ్లీ గోడ, రాత్రి నిద్ర యెరూషలేము హోటల్లో. వెళ్లొచ్చిన మనవాళ్లు చెప్పేదీ అదే, బేత్లెహేములో రెండు మూడు గంటలకు మించి ఉండలేదని. ఆ మూడు గంటల్లో సందు చివర రంపం పట్టుకుని కూర్చున్న పనివాడి కొట్టు ఎవరికి కనబడుతుంది? పెద్ద కొట్టువాడు అతని దగ్గర టోకున కొంటాడు, తనకు నచ్చిన ధరకు.

ఆ అరకొర బేరానికీ ఎన్ని గండాలు! 2000లో రెండో ఇంతిఫాదా. 2002లో ఆ చర్చి చుట్టూ ఇజ్రాయెల్ సైన్యం 39 రోజుల ముట్టడి. అదే ఏడాది గోడ కట్టడం మొదలు. 2020లో కోవిడ్. కోలుకుంటున్నాం అనుకునేలోగా 2023 అక్టోబరు. బస్సులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ ఏడాది, ఆ మరుసటి ఏడాది బేత్లెహేము క్రిస్మస్ చెట్టు పెట్టలేదు, దీపాలు కట్టలేదు. డిసెంబరు అంటే ఏడాది బేరమంతా జరిగే నెల. మన ఊళ్లలో దీపావళికి టపాసుల కొట్టు తెరవకపోతే ఎలా ఉంటుందో అలా. ఇనప షట్టర్ల వెనక ఒలీవ కర్ర గొర్రెలు, ఒంటెలు, జ్ఞానులు దుమ్ము పట్టి కూర్చున్నారు. పనివాళ్లలో కొందరు వేరే పని వెతుక్కున్నారు. కొందరు దేశమే వదిలారు. చెక్కడం నేర్చిన చెయ్యి చిలీకో అమెరికాకో వెళ్లిపోతే దాన్ని వెనక్కి తెచ్చే పథకం ఎక్కడా లేదు.

2025 డిసెంబరులో జనన దేవాలయం ముందున్న మేంజర్ స్క్వేర్‌లో చెట్టు మళ్లీ వెలిగింది. జనం వచ్చారు. ఎక్కువమంది స్థానికులే.

> ఖలీల్ గాజు, జెరూసలేం పలక
>
> • హెబ్రోను గాజుపనిని మధ్యయుగాల యాత్రికులే మెచ్చుకున్నారు. ఇప్పుడు బట్టీల్లో కరిగేది చాలావరకు పాత సీసాల గాజే. కోబాల్ట్ కలిపితే ముదురు నీలం, రాగితో లేత నీలిపచ్చ.
>
> • ప్రపంచ చేతివృత్తుల మండలి 2016లో హెబ్రోనును 'ప్రపంచ చేతివృత్తుల నగరం'గా గుర్తించింది.
>
> • జెరూసలేం వీధుల పేర్లు రాసి ఉండే రంగుల పింగాణీ పలకల కళ అర్మేనియన్లది. బంగారు గోపురమున్న డోమ్ ఆఫ్ ది రాక్ పలకల మరమ్మతుకని 1919లో డేవిడ్ ఒహానెసియన్‌ను పిలిపించారు. ఆయన టర్కీలోని కుతాహ్యా నుంచి తెచ్చిన పనివాళ్లలో బలియన్, కరకాషియన్ కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి.

దారి ఎక్కడ తెగింది?

హెబ్రోను పాతబజారు నడిమధ్యన షుహదా వీధి. ఒకప్పుడు ఊరికి గుండెకాయ. 1994లో అబ్రాహాము సమాధి ఉన్న ఇబ్రహీమీ మసీదులో ఓ ఇజ్రాయెలీ సెటిలర్ (ఆక్రమిత నేలమీద కాలనీ కట్టుకుని ఉండేవాడు) జరిపిన కాల్పులకు 29 మంది బలయ్యాక ఆంక్షలు పడ్డది మాత్రం పాలస్తీనీయుల మీద. వీధి వాళ్లకు మూసుకుపోయింది. 1997లో ఊరిని రెండు ముక్కలు చేశారు. పాతబజారులో కొన్ని సందుల మీద తల పైకెత్తితే ఇనప వల కనిపిస్తుంది. పైఅంతస్తుల్లో ఉండే సెటిలర్లు విసిరే చెత్త నెత్తిన పడకుండా కట్టుకున్నది. ఆ వల కింద కూర్చుని ఎంబ్రాయిడరీ సంచులు అమ్మాలి. గాజుబట్టీలైతే ఊరి శివారుకు వెళ్లిపోయాయి. బట్టీ ఆరితే మళ్లీ రాజేయడానికి బోలెడు ఇంధనం కావాలి, అందుకే బేరం లేని నెలల్లో ఆర్డర్లు కూడేదాకా ఆగి కొద్దిరోజులే వెలిగిస్తారు.

ఊరు దాటాక ఇంకో కథ. 1994 పారిస్ ఒప్పందం ప్రకారం పాలస్తీనా ఎగుమతి, దిగుమతులు ఇజ్రాయెల్ కస్టమ్స్ చట్రంలోనే నడవాలి. సొంత ఓడరేవు లేదు, విమానాశ్రయం లేదు. వెస్ట్‌బ్యాంక్ లారీ గేటు దగ్గర ఆగాలి. సరుకంతా దించాలి. తనిఖీ అయ్యాక అవతల నిలబడ్డ ఇజ్రాయెల్ లారీలోకి మళ్లీ ఎక్కించాలి. సిమెంటు బస్తాకైతే ఇది ఖర్చు. ఊదిన గాజు కూజాకైతే గండం. భద్రత కోసమే ఇదంతా అంటుంది ఇజ్రాయెల్. కారణం ఏదైనా, అటు బయటికి పోవాల్సిన సరుకు ఇలా ఆగి ఆగి పోతుంటే, ఇటు లోపలికి వచ్చే చౌక సరుకు మాత్రం హాయిగా వచ్చేస్తుంది. జెరూసలేం పాతబస్తీ కొట్లలో పాలస్తీనా గుర్తుగా కొనుక్కునే శాలువాలు, సంచులు చైనావో, టర్కీవో, ఒక్కోసారి మన ఇండియావో. యాత్రకు వెళ్లిన మనవాళ్లు ఇండియా శాలువా కొనుక్కుని ఇండియాకే తెచ్చిన సందర్భాలూ ఉండే ఉంటాయి, నవ్వుకోవాలో ఏడవాలో తెలియని సంగతి.

సందులు వెతుక్కుంటున్నారు మరి. అమెరికాలో ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో బల్ల వేసి ఒలీవ కర్ర బొమ్మలు అమ్మే బేత్లెహేము కుటుంబాలున్నాయి. తాతలు చికాగోకు మోసినట్టే వీళ్లూ మోస్తున్నారు. ఆన్‌లైన్‌లో హిర్బావీ కెఫియా దొరుకుతుంది, తత్రీజ్ దిండు దొరుకుతుంది. ప్రవాసంలో పుట్టిన అమ్మాయిలు వీడియోలు చూసి, లేదా గుండ్రంగా కూర్చుని, నాయనమ్మల కుట్టు మళ్లీ నేర్చుకుంటున్నారు. కుట్టు బతకడానికి ఇది చాలు. కుట్టి బతకడానికి చాలదు.

ఈసారి మీ ఇంటి నుంచో మీ సంఘం నుంచో ఎవరైనా యెరూషలేము యాత్రకు బయలుదేరితే ఓ మాట చెప్పి పంపండి. బేత్లెహేములో బస్సు ఆగిన కొట్లోనే కొనేయవద్దని. గైడును ఓ అరగంట అడిగి పక్క సందులోకి నడవమని. శిలువ చేతిలోకి తీసుకుని, ఇది ఎవరు చెక్కారని అడగమని. చెక్కినవాడు చాలాసార్లు ఆ గదిలోనే, రంపపు పొట్టు మధ్య కూర్చుని ఉంటాడు.